బకెట్టెడు నీళ్ళు

కొత్త ఇంటి నడిగదిలో ఒక ముసలాయన నేలమీద బోర్లా పడుకుని గోళీ ఆడుతున్నాడు.

టైలరుకు తల కొట్టేసినట్టయింది. పక్కనే ఇల్లు కట్టిన బిల్డరు నిలబడి ఉన్నాడు మరి. తెల్లవారితే రిజిస్ట్రేషను.

"ఎవరే ఈయన?" అని భార్యను పక్కకు లాగి అడిగాడు.

"కొత్త ఇళ్ళు చూసిపెడతాడటండీ. పక్కింటి పిన్నిగారు చెబితే నేనే రమ్మన్నాను. కట్టినవాళ్ళు కాకుండా పైవాళ్ళెవరైనా ఒకసారి చూస్తే మంచిది కదా."

టైలరు సంగతి కాస్త చెప్పుకోవాలి. ఆయన కుట్టిన కోటు తొడిగితే కరెంటు స్తంభం కూడా పెళ్ళికొడుకులా కనిపిస్తుందని వీధిలో అనుకునేవారు. రెండుసార్లు ట్రయల్ చూడనిదే ఏ బట్టనూ కొట్టు గడప దాటనిచ్చేవాడు కాదు. ట్రయల్‌కి తీరిక లేదన్న పెద్దమనిషి ఒకాయన, కోటు చేతికి రాక, బనీనుతో విందుకు వెళ్ళాడని కూడా చెబుతారు. బనీను సంగతి నేను నమ్మను గానీ, మిగతాదంతా నిజం.

అంతటివాడు ఇరవై రెండేళ్ళు మిషను తొక్కి కూడబెట్టింది తెచ్చి ఈ ఇంట్లో పోస్తున్నాడు. భార్యకు ఆయాసం. అద్దెగదిలో చెమ్మ పడక ఏడాదంతా దగ్గేది. ఎండ పడే కిటికీ ఉన్న ఒక పొడి గది ఉంటే చాలన్నది ఆమె ఒకే ఒక్క కోరిక.

గోళీ దానంతటదే దొర్లుకుంటూ వెళ్ళి పడకగది మూలకు చేరింది.

ముసలాయన లేచాడు. డాక్టరు రోగి వీపు తట్టినట్టు, చేతికర్రతో ఒక్కొక్క టైలునూ తట్టుకుంటూ నడిచాడు. మూడోది డొల్లగా మోగింది. ఏడోదీ అంతే.

బిల్డరు నవ్వాడు. ఆ నవ్వు చూస్తే పళ్ళకు కూడా వెన్న రాసుకుంటాడేమో అనిపిస్తుంది. టైలరు చెవి దగ్గరకు వచ్చి మెల్లిగా అన్నాడు.

"తాతకు కాస్త తిక్క, అన్నయ్యా. కొత్త గోడ కనబడితే చెవి ఆనించి నిలబడతాడు. చూడనివ్వండి, నాకేం? కాకపోతే నామీద మీకు నమ్మకం లేదని తెలిసి మనసు చివుక్కుమంది."

టైలరుకు చెమటలు పట్టాయి. ఎదుటివాడి మనసు నొప్పించడం కన్నా సూది వేలికి గుచ్చుకోవడమే నయమనుకునే రకం ఆయన.

ముసలాయన బాత్రూములోంచి తల బయటపెట్టాడు.

"అమ్మా, ఒక బకెట్టెడు నీళ్ళు ఇప్పించు. ఇక్కడ గుమ్మరించి కాసేపు కూర్చుంటాను. ఎటు పోతాయో చూడాలి."

"నీళ్ళూ వద్దు, నువ్వు కూర్చోవడమూ వద్దు. బయల్దేరు" అన్నాడు టైలరు.

భార్య ఏదో అనబోయింది. టైలరు ఆమె వైపు చూడలేదు.

ముసలాయన గోళీ ఏరుకుని జేబులో వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, టైలరు మెడలో వేలాడుతున్న టేపు వైపు చూశాడు.

"చొక్కా కొనేవాడు కూడా తిరగేసి కుట్లు చూసుకుంటాడు కదా, నాయనా. రిజిస్ట్రేషను ఒక్క పూట ఆపు."

టైలరు తలుపు వేశాడు.

బిల్డరు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. మరునాడు సంతకాలు అయ్యేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

ఇంట్లో దిగిన రోజే, భార్య స్నానం చేసిన నీళ్ళు గొట్టంలోకి పోలేదు. గడప దాటి, నడిగది దాటి, గోళీ వెళ్ళిన దారినే వెళ్ళి పడకగది మూలకు చేరాయి.

వారం తిరిగేసరికి అదే గొట్టంలోంచి మురుగు పైకి వచ్చింది. నల్లగా, జిగటగా, ఎవరెవరివో వెంట్రుకలతో, చివికిన సబ్బు ముక్కలతో. ఆ కంపుకు ముద్ద గొంతు దిగేది కాదు. చుట్టపుచూపుగా వచ్చిన ఈగలు కాపురమే పెట్టేశాయి.

గోడ నిమిరితే కుళ్ళిన పండు తొక్కలా పొర చేతికి వచ్చేది. ఒకచోట పెచ్చు ఊడింది. లోపల ఇటుకల సందుల్లో సిమెంటు లేదు. చిరిగిన సంచులు, ఎంగిలి టీ కప్పులు కుక్కి, పైన పూత పూశారు. పైకి పట్టుకోటు, లోపల గోనె అస్తరు. టైలరు ముఖం తిప్పుకున్నాడు. అది మురుగు కంపు వల్లో, బిల్డరును తలుచుకునో, తన్ను తాను తలుచుకునో ఆయనకే తెలియలేదు.

భార్య ఎండ కిటికీ పక్కనే కూర్చుని దగ్గేది. ఆమె నాలుగు తిట్టినా బాగుండేదనుకునేవాడు టైలరు.

బిల్డరు ఫోను ఎత్తడం మానేశాడు. ఒక ఉదయం టైలరు ఆ మురుగును సీసాలో పట్టి, ఆయన ముక్కు దగ్గర మూత తీద్దామని వాళ్ళింటికి వెళ్ళాడు.

బిల్డరు భార్య ఏమీ ఎరగని మనిషి. కుర్చీ వేసి కూర్చోమంది.

"ఆయన వెనక వీధిలో ఉన్నారన్నయ్యగారూ. మా కొత్తిల్లు పూర్తయింది. రేపే దిగుదామంటే వినరే! కట్టింది తన మనుషులేనాయె. అయినా తాతగారు చూసి సరేననాలట."

"ఏ తాతగారు?"

"ఏమో, పేరు తెలీదు. మేముంటున్న ఈ ఇంట్లోకీ ఆయన సరేనన్నాకే దిగాం."

టైలరు వెనక వీధికి నడిచాడు. కొత్త ఇంటి తలుపు తెరిచే ఉంది.

నడిగదిలో ముసలాయన నేలమీద బోర్లా పడుకుని, కదలకుండా నిలిచిన గోళీని చూస్తున్నాడు, వెనక బాత్రూము గుమ్మంలో బిల్డరు, ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని, ఖాళీ బకెట్టు పట్టుకుని, "ఇంకొకటి పొయ్యమంటారా, అయ్యా?" అని వినయంగా అడుగుతున్నాడు.