కోత

"ఇక నీతో నా వల్ల కాదు. కొయ్యి!" అన్నాను.

టిటికాకా సరస్సులో తేలే మా దీవులన్నీ మేం తుంగతో పేర్చుకున్నవే. ఇక్కడ పొసగనివాళ్లు మధ్యలో గోడ కట్టుకోరు. నేలనే రంపంతో కోసుకుని విడిపోతారు.

మా ఆయన నెమెసియో పొడుగు రంపం తీశాడు. కొత్త తుంగ పరవమని నెల్లాళ్లుగా మొత్తుకున్నా కదల్లేదు. ఆ పొద్దున పొయ్యి దగ్గర నా కాలు మోకాలిదాకా నీళ్లలోకి దిగబడింది.

"గుడిసె, పొయ్యి నీకు. పడవ నాకు," అన్నాడు.

"నీ దుప్పటి, టోపీ కూడా పట్టుకుపో. వాటికోసమని మళ్లీ వచ్చేవు!"

రెండూ తన వైపు విసిరి కోత మొదలుపెట్టాడు. మధ్యలో మంచినీళ్లడిగితే ఇచ్చాను. ఎంత తగవైనా కోసేవాడికి దాహం వేస్తుంది కదా.

మధ్యాహ్నానికి చివరి తుంగ వేరు తెగింది. ఆయన వైపు ముక్క మెల్లగా జరిగింది. దానికి కట్టిన పడవ, దానిమీది దుప్పటి, టోపీ వెళ్లిపోతున్నాయి. నెమెసియో మాత్రం రంపం పట్టుకుని నా వైపు నిలబడి ఉన్నాడు.

"అరె, తప్పు వైపు నిలబడ్డానే," అన్నాడు.

"పొద్దుటినుంచీ చూస్తూనే ఉన్నాను."

"మరి చెప్పలేదేం?"

"నన్నడిగావా? కూర్చో, చేప ఉడికింది."

"ఎవరిదైనా పడవ దొరికాక వెళ్తాలే," అంటూ తుంగ మోపు విప్పి పొయ్యి చుట్టూ పరవసాగాడు.

నేను ఇద్దరికీ చేప వడ్డించాను. ఈ చుట్టుపక్కల తగవుపడ్డవాళ్లందరికీ దీవులు కోసిపెట్టేది ఆయనే. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పు వైపు నిలబడలేదు.