చిన్నమ్మడు పాటకు లాగిన మర

మా ఒడ్డున చిన్నమ్మడు పాట ఎత్తుకుంటే సముద్రం రెండు మైళ్లు వెనక్కి జరిగి, నిలబడి వినేది. అప్పటికి వల లాగే జట్లు పోయాయి. ప్రతి ఒడ్డునా పాట విని లాగే మరలే ఉండేవి. వాటికి జాజ్ గొంతు పెట్టారు. మనం చరణం పాడితే అవి “దూబి దూబి” అంటూ అప్పటికప్పుడు రాగం అల్లేవి.

ఆ ఉదయం వల నిండా కవళ్ల చేపలు పడ్డాయి. మా ఒడ్డుకొచ్చిన కొత్త మరేమో చిన్నమ్మడి చరణానికీ, తన బదులుకీ మధ్య తెరిపి లేకుండా లాగేస్తోంది. తాడు కిర్రుమంది.

“వల సిరిగిపోద్ది, అప్పా! నువ్వూరుకో, దాన్నే పాడనీ,” అన్నాడు పడవ పెద్ద, తండేలు దానయ్య, చిన్నమ్మడిని అక్క వరసన పిలుస్తూ.

“ఊరుకుంటే రేపు నన్నెవుడు పిలుత్తాడ్రా? దీనికి లాగడం నేర్పినారు గానీ, ఆగడం నేర్పనేదు.”

చరణం పాడినంతసేపూ జట్టు ఊపిరి పీల్చుకోవాలి, “హైలెస్సా” అన్నప్పుడే లాగాలి. అది జట్ల కాలం నుంచీ మా ఒడ్డు పద్ధతి. చిన్నమ్మడు దానయ్య బొజ్జ మీద చరణం కట్టింది. మర లాగబోగానే తను నోరు మూసేసింది; పాట తెగేసరికి మర తడబడింది. మళ్లీ పాడింది, మళ్లీ మూసింది. మూడోసారి మర ఆగి విన్నది. ఆమె “హైలెస్సా” అనగానే లాగుతూ, ఆ ఒక్క మాటనే పదహారు వంపులు తిప్పింది.

“ఓలమ్మో, ఎంత బాగా తిప్పినావే!” అని ఆమె ఆ వంపులనే అందుకుని బొజ్జ పాటను ఇంకా పైకి తీసుకుపోయింది.

వల చిరగకుండా ఒడ్డెక్కింది. సముద్రం వెనక్కి జరగడం మాట దేవుడెరుగు, ఆమె చీర మోకాళ్లదాకా తడిపింది.

“రేపూ రా అప్పా,” అన్నాడు దానయ్య. “రా అప్పా,” అంది మర.

మర అన్న మాట నేను కల్పించాను. అది ఏమీ అనలేదు. మర్నాడు ఆమె వచ్చి నోరు విప్పేదాకా కదలలేదు, అంతే.