బీరువా వెనక తలుపు

కొత్త ఆఫీసరమ్మ వచ్చి వారమైనా కాలేదు, గుమాస్తాల గదిలో బీరువా వెనక మూసేసిన తలుపు ఆమె కంటపడింది.

"ఇదెక్కడికి వెళ్తుంది బాబాయ్?"

"ఏమోనమ్మా. నేను చేరినప్పటి నుంచీ ఇంతే," అన్నాడు అటెండరు.

కుళాయి కోసం జనం పెట్టుకున్న అర్జీ ఈ గదిలోంచి మెట్లు దిగి, పెరడంతా చుట్టి, అవతలి మెట్లెక్కితే గానీ ఆమె బల్ల మీదికి రాదు. దారిలో ఆగిన ప్రతిచోటా దానికో కునుకు. ఈలోగా వీధుల్లో ఖాళీ బకెట్లు.

"ఇవాళ దీని అంతు తేల్చాల్సిందే," అంటూ ఆమె బీరువాకి భుజం ఆనించింది. గుమాస్తాలూ తలో చెయ్యి వేశారు. బీరువా జరిగింది. తలుపు మాత్రం బెత్తెడు తెరుచుకుని ఆగిపోయింది.

"అవతల ఏదో అడ్డం పెట్టారు. ఎవరిదైనా సరే, మొహమాటపడకుండా లాగెయ్ బాబాయ్!"

అటెండరు పెరడు చుట్టి అవతలి వైపుకి పరుగెత్తాడు. కాసేపటికి తలుపు సందులోంచి నసుగుతున్న అతని గొంతు వినిపించింది.

"అమ్మా... ఇది మీ గదేనమ్మా. పరదా వెనకుందీ తలుపు. అడ్డం... మీ కుర్చీయే."

గుమాస్తాలందరికీ ఒక్కసారిగా పని గుర్తొచ్చింది. ఆమె మాత్రం పగలబడి నవ్వింది.

"మొహమాటపడొద్దన్నానా! లాగెయ్!"