ఖాళీ బస్సు

బస్సు మూతికి పసుపు పూసింది ఐలవ్వే. మిగతా ఆడవాళ్లు టైర్లకు నీళ్లు వారబోసి, లైట్ల కింద కుంకుమ బొట్లు పెట్టారు.

ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. అయినా చింతకుంటపల్లెలో ఇంట్లో ఉన్న నరపురుగు లేదు.

ఊరికి బస్సు కావాలని ఎన్నేళ్ల మొర అది! ఊరి మగవాళ్లలో సగం మందికి బొగ్గు బాయిలోనే పని. గోదావరిఖని దాకా గట్ల మీద నడిచి, వాగు దాటి పోవాలి. నడవలేనివాళ్లు ఒక్కొక్కరే ఇంటికి తాళమేసి, పెళ్లాం పిల్లలతో పోయి బాయి దగ్గర గుడిసెలేసుకున్నారు. ఊరు పలచబడిపోయింది.

ఐలవ్వ మొగుడు కొమురెల్లికి నిరుడు బొగ్గు పెళ్ల పడి మోకాలు చెడింది. కుంటుకుంటూ పోయేసరికి షిఫ్టు మొదలైపోతోంది. ఇంకోసారి ఆలస్యమైతే అసలే రావద్దని బాయిలో గట్టిగా చెప్పారు.

అందుకే బస్సును చూడగానే ఐలవ్వకు ప్రాణం లేచొచ్చింది.

కొమురెల్లి సద్దిగిన్నె పట్టుకుని మెట్టు మీద కాలు పెట్టాడు. వెనకాల షిఫ్టుకు పోయేవాళ్లంతా వరసగా నిలబడ్డారు.

ఐలవ్వ గబుక్కున మొగుడి చెయ్యి పట్టి కిందికి లాగింది.

"ఏందయ్యా, సోయి ఉందా? కొత్త బండి వచ్చిన్నాడు ఎవలన్న ఎక్కుతరా? పోశమ్మ గుడి చుట్టు తిరిగి ఉత్తగ పోవాలె. రేపటి సంది రోజు ఎక్కుదువు తియ్."

"మోకాలు గుంజుతున్నదే."

"ఒక్క పూట ఓర్సుకో."

ఊరి పెద్దమనిషి మొగిలి కాక కూడా తలూపాడు. "పిల్ల మంచిగ చెప్పింది. ఎడ్లబండికి ఎట్లనో బస్సుకు గట్లనే. ఎవ్వలెక్కద్దు."

ఇంకేముంది, అందరూ వెనక్కి జరిగారు.

కండక్టరు తలుపులోంచి తొంగిచూశాడు. "ఎవ్వలు ఎక్కరా?"

"రేపు ఎక్కుతం సారూ, ఇయ్యాల మీరు పోన్రి!"

ఊరంతా నవ్వింది. డ్రైవరు ఒడి నిండా కొబ్బరి చిప్పలు పోశారు. ముందు సీట్లో కూర్చున్న డిపో ఆఫీసరు ఏదో అడగబోయాడు గానీ, డప్పుల మోతలో ఎవరికీ వినబడలేదు.

బస్సు ఖాళీగా కదిలింది. షిఫ్టువాళ్లు దాని దుమ్ములోనే నవ్వుకుంటూ నడిచారు. అందరికంటే వెనక కొమురెల్లి.

ఆ రోజు ఎలాగో షిఫ్టు అందుకున్నాడు. ఇల్లు చేరి, తిన్న చెయ్యి కడుక్కోకుండానే గోడకానుకుని నిద్రపోయాడు. తెల్లారగట్ల ఐలవ్వ లేపలేదు. బస్సుంది గదా, ఇంకాసేపు పడుకోనీ అనుకుంది.

పొద్దు పొడిచింది. ఊరంతా రోడ్డు మీద నిలబడి ఉంది. బస్సు రాలేదు.

కమాన్‌పూర్‌లో సైకిళ్లు బాగుచేసే వజీర్ అటునుంచి సైకిలు మీద వచ్చి దిగాడు.

"ఇంక బస్సు రాదు కాకా. నిన్నొచ్చింది ఉత్త పరీక్షకట. ఒక్క మనిషన్న ఎక్కలేదు, గా ఊరికి బస్సెందుకని ఆఫీసరన్నడట."

మొగిలి కాక తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

కొమురెల్లి అప్పటికే నడక మొదలుపెట్టాడు. ఐలవ్వ అతని వెంట ఉరికింది.

"నేనే గదయ్యా నిన్ను గుంజింది. నా చేతులిరుగ!"

"ఊకో. నువ్వు గుంజకుంటే ఏమైతుండె? ఒక్కనికోసం బస్సు నడుపుతరా?"

అతను ఎక్కి ఉంటే వెనక వరసంతా ఎక్కేది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"జల్ది పోతే షిఫ్టు దొరుకుతదా?" అంది ఐలవ్వ.

కొమురెల్లి వాగు ఒడ్డుకు వచ్చాక ఆగి, మోకాలు పట్టుకుని ఇసుకలో కూలబడ్డాడు. అవతలి గట్టు వైపు చూశాడు.

"మనింట్ల తాళంకప్ప ఉన్నదానే?" అని అడిగాడు.