శాతం గుర్తు

“ఏమే నజీమా, మా పిల్ల నంబరు నీ రక్తదాతల సైటులో తప్ప ఇంక యాడా ఇవ్వలా. నిన్నట్నుంచీ ఎవడో దానికి ఒకటే ఫోన్లు!” పక్కింటి బాలసరస్వతి విసురుగా వచ్చి ల్యాప్‌టాప్ ముందు నిలబడింది.

నరసరావుపేట దాతల కోసం ఆ సైటు తయారుచేసింది నజీమానే. “ఎన్నిసార్లు చెప్పాలక్కా? ఎవడేం టైపు చేసినా డేటాబేసు దాన్ని ఆజ్ఞగా తీసుకోదు, పేరుగానే వెతుకుద్ది. కనీసం మూడక్షరాలు కొట్టందే ఎవరూ కనపడరు.”

“మరి వాడికెట్టా కనపడిందే?”

నజీమాకు చిర్రెత్తింది. వెతికే గడిలో, డేటాబేసులోకి దొంగ ఆజ్ఞలు దూర్చేవాళ్లు వాడే కొటేషన్ గుర్తులు కొట్టింది. ఏమీ రాలేదు. “చూశావా?” అంటూ మిగతా గుర్తులు కూడా కసిగా కొడుతూ పోయింది. శాతం గుర్తు మూడుసార్లు కొట్టగానే దాతలందరి పేర్లూ నంబర్లూ తెర మీదికొచ్చేశాయి.

వెతుకులాటలో శాతం గుర్తుకు ‘ఏ అక్షరాలైనా సరే’ అని అర్థం. ఆ సంగతి నజీమాకు తెలుసు, అయినా దాన్ని ఆపడం మరిచింది.

“దొంగతనంగా దూరాడా?”

“లేదక్కా. అందర్నీ చూపించమని అడిగాడు. నేను రాసిన కోడే చూపించింది.”

శాతం గుర్తునూ, ఏదైనా ఒక్క అక్షరానికి బదులు నిలిచే అండర్‌స్కోరునూ ఉత్త అక్షరాలుగానే చూసేలా, వాటి ముందు ఎస్కేప్ గుర్తు చేర్చి వెతికే క్వెరీని మార్చింది. మళ్లీ అవే గుర్తులు కొట్టి వెతికితే ‘ఎవరూ లేరు’ అని వచ్చింది.

“మరి వాడి దగ్గరికి పోయిన నంబర్ల సంగతేంది?”

నజీమా ఫోను తీసి, జరిగింది చెప్పడానికి మొదటి దాతకు డయల్ చేసి, గొంతు సవరించుకుంది.