రసాల తోట వారసుడి మదురై యాత్ర

"ఇంకో నాలుగు పెట్టించరా, దూదిపింజల్లా ఉన్నాయి వీళ్ల ఇడ్లీలు," అంది వెంకాయమ్మ.

రత్నబాబు అప్పటికే ఎనిమిది తిన్నాడు. ఎనిమిదోది ఇంకా గొంతు దిగలేదు. అయినా దానికేం భాగ్యం అత్తయ్యా అంటూ చెయ్యెత్తి సర్వర్ని పిలిచాడు. వచ్చిన నాలుగూ ఆవిడ వీడి ఆకులోకే తోసింది.

తినక చస్తాడా మరి! నూజివీడు పక్కన ఎనిమిదెకరాల రసాల తోట ఉంది వెంకాయమ్మకి. మొగుడు పోయి ఆరేళ్లయింది, పిల్లల్లేరు. ఆ తోట మీద ఇద్దరికి కన్ను. ఒకడు ఈ రత్నబాబు, ఆవిడ అన్న కొడుకు. రెండోవాడు బాపులపాడులో ఉండే గోపాలకృష్ణ, మరిది కొడుకు. కిందటి దసరాకి ఆ గోపాలకృష్ణ ఆవిడ చేసిన గారెల్ని అరగవని పక్కకి నెట్టాడు. తిండే సయించనివాడు తోటేం చూస్తాడని ఆవిడ ఊరంతా చెప్పుకుంది. ఆ మాట చెవిన పడ్డ దగ్గర్నుంచి రత్నబాబు మేనత్త ముందు మెతుకు మిగల్చలేదు.

అందుకే మాఘమాసంలో ఆవిడ మదురై వెళ్దాం, అక్కడ తిండి బాగుంటుందట, తోడు రారా అనేసరికి భార్య సరోజే దగ్గరుండి సంచి సర్దింది. తోట సంగతి తేల్చుకోకుండా గుమ్మం తొక్కొద్దని మరీ చెప్పి రైలెక్కించింది.

మీనాక్షి అమ్మవారి దర్శనం అరగంటలో అయిపోయింది. గుడి బయట మిరియాల పొంగలి దగ్గర మాత్రం గంటన్నర పట్టింది. తిరుమల నాయకుడి మహల్లో గైడు అరవం కలిసిన తెలుగులో ఒక్కో స్తంభాన్నీ వర్ణిస్తుంటే, వెంకాయమ్మ ఓపిగ్గా విని, ఈ చుట్టుపక్కల మురుకులు ఎక్కడ బాగుంటాయి నాయనా అని అడిగింది. ఆ స్తంభాల చాటున రత్నబాబు, దొంగతనంగా చుట్ట కాల్చేవాడిలా అటూ ఇటూ చూసుకుని, జేబులోంచి వాము తీసి నమిలాడు. పంచె కూడా కాస్త వదులు చేసుకున్నాడు.

సాయంత్రం బజార్లో ఒకడు పత్తిగింజల పాలు అమ్ముతున్నాడు. బెల్లం, శొంఠి వేసి కాచిన పాలు.

"అత్తయ్యా, పత్తిగింజలు మనం గేదెలకి పెడతాం కదా," అన్నాడు రత్నబాబు నీరసంగా.

"మన గేదెకేం, నిక్షేపంలా ఉంది. తాగు."

రెండు గ్లాసులు తాగాడు. బాగుందిట్రా అని ఆవిడ అడిగితే అమృతం అన్నాడు.

ఒక్క విషయం మాత్రం వాడికి కడుపులో బరువంతా మరిపించేది. వెంకాయమ్మ రొండిన దోపుకున్న గుడ్డసంచి తీసినప్పుడల్లా అందులోంచి వంద నోట్లు తొంగిచూసేవి. నూజివీడు వైపు పూత చూసే ఆ ఏటి కాపు కొనేస్తారు బెజవాడ షావుకార్లు. పిందె కూడా పడకముందే బయానా చేతిలో పెడతారు. ఇవి ఆ నోట్లేనని వాడు ఇట్టే గ్రహించాడు. బయానాయే ఇంత ముట్టిందంటే పూత విరగబూసినట్టే. ఇక తోట చేతికొచ్చాక కరెంటు మోటారు వేయించాలి, ముసలి కాపలాదారు సాంబయ్యని మాన్పించాలి అని మనసులోనే పెత్తనం మొదలెట్టేశాడు.

దాంతో ధైర్యం వచ్చింది. ఫ్యానున్న గదిలోకి మారదామన్నాడు. మారారు. సరోజకి సుంగుడి చీరంటే ఇష్టం అత్తయ్యా అని నసిగాడు. ఆవిడ మారుమాట్లాడకుండా రెండు కొంది. నువ్విలా ఖర్చుపెడుతుంటే కళ్లారా చూడాలనిపిస్తుందని ఓసారి పొగిడాడు కూడా. ఆ మాటకి ఆవిడ ముచ్చటపడి దోసెడు హల్వా తినిపించింది.

నాలుగోనాడు స్టేషను పక్క హోటల్లో ఆఖరి భోజనం. సాంబారన్నం, రసమన్నం, పాయసం, పెరుగన్నం. మారు వడ్డింపులన్నీ ఆవిడే అడిగి వేయించింది. ఆకు ఖాళీ అయ్యేసరికి వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంకాయమ్మ మెచ్చుకోలుగా వీపు నిమిరింది.

"నువ్వొక్కడివేరా, నేను పెట్టింది కాదనకుండా తిన్నది."

రత్నబాబు ప్రాణం లేచొచ్చింది. ఇంతకంటే మంచి అదను దొరకదనుకున్నాడు. రైలు కదిలి ఊరు దాటేదాకా ఆగి, ఆవిడ పక్కకి జరిగి కూర్చున్నాడు.

"అత్తయ్యా, తోట సంగతేం ఆలోచించావు? నీ తరవాత చూసుకునే మనిషుండాలి కదా."

"ఆలోచించకేం. ఒకడి పేర రాస్తే రెండోవాడు నేను పోయినా ఇటు తొంగిచూడడు. అందుకని ఎవరికీ అన్యాయం జరక్కుండా తేల్చేశాన్రా."

రత్నబాబు లెక్క వేసుకున్నాడు. గోపాలకృష్ణకి సగం పోయిందన్నమాట. గారెలు నెట్టినవాడికీ, పత్తిగింజలు తాగినవాడికీ ఒకటే న్యాయమా అని కడుపు రగిలిపోయింది. పోనీ, నాలుగెకరాలైనా నాలుగెకరాలే అని తనే సర్దిచెప్పుకున్నాడు. మొహాన నవ్వు తెచ్చుకుని, అయితే నా వాటా ఎప్పుడు రాయిస్తావత్తయ్యా అని మెల్లిగా అడిగాడు.

వెంకాయమ్మ వాడి వంక జాలిగా చూసింది.

"తోట పుష్యమాసంలోనే అమ్మేశాన్రా, ఈ నాలుగు రోజులూ నువ్వు తిన్నది ఆ డబ్బే."