ఎన్ని వేళ్ళు?

"నాలుగు!" అని అరిచింది టెస్.

"ఐదు!" అని అరిచారు మిగతా పిల్లలంతా ఒక్క గొంతుతో.

కోచ్ ఎల్మర్ పైకెత్తిన చెయ్యి దించి ఈల ఊదాడు. మంచు మీద పదహారు హాకీ కర్రలు ఆగిపోయాయి.

"మళ్ళీ తప్పే, తల్లీ. పొద్దుట్నుంచి ఇది మూడోసారి."

టెస్ హెల్మెట్ జాలీ వెనక పెదవి కొరుక్కుంటూ నిలబడింది. పక్కనున్న కోల్ కిసుక్కున నవ్వాడు.

"కోచ్ చివర్న చూపించేది ఎప్పుడూ ఐదే! ఆ మాత్రం తెలీదూ? మా నాన్న చిన్నప్పుడూ అంతేనంట."

పిల్లలు గొల్లుమన్నారు. ఎల్మర్‌కీ నవ్వొచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఆ ఊరి పిల్లలకి ఆయన నేర్పే మొదటి పాఠం అది. నల్లటి రబ్బరు బిళ్ళని కర్రతో అటూ ఇటూ ఆడిస్తూనే ఉండాలి, కళ్ళు మాత్రం కోచ్ చేతి మీద ఉండాలి. ముందు రెండు వేళ్ళు, తర్వాత మూడు, చివరికి ఐదు. బిళ్ళ ఎక్కడుందో చేతులకి తెలియాలి, కళ్ళకి ఆ పని పెట్టకూడదు. జాలీ వెనక ఎవరి చూపు ఎటుందో అంత దూరం నుంచి కనిపెట్టలేం కాబట్టి ఈ వేళ్ళ లెక్క.

"ఇంకొక్కసారి," అన్నాడు. "నువ్వొక్కదానివే. ఈసారైనా తల ఎత్తి చూడు."

టెస్ మొదలుపెట్టింది. బిళ్ళ ఆమె కర్రని వదల్లేదు. వేరే పిల్లలు ఆడిస్తే వచ్చే టకటకలు కూడా లేవు. ఏదో గుసగుస చెప్పుకుంటున్నట్టు కర్రా బిళ్ళా కలిసి కదులుతున్నాయి. అలాంటి చేతులు ఎల్మర్ తన జన్మలో రెండుసార్లే చూశాడు.

రెండు వేళ్ళు చూపించాడు. "రెండు!" మూడు చూపించాడు. "మూడు!" గ్లోవ్ తొడిగిన చెయ్యి బాగా పైకెత్తి అరచెయ్యంతా చాపాడు.

టెస్ ఒక్క క్షణం తటపటాయించింది. కోల్ వైపు చూసింది. మళ్ళీ ఆయన వైపు చూసింది.

"నాలుగు," అంది మెల్లగా.

ఎల్మర్ ఆమెని బెంచీ దగ్గరికి పిలిచాడు.

"జిల్లా పోటీలకి పదిహేను చొక్కాలే ఇచ్చారు. మీరు పదహారు మంది."

"తెలుసు, కోచ్."

"నీ చేతులు బంగారం. కానీ తల దించుకుని ఆడే పిల్లని అక్కడ వదిలితే ఎవడో ఒకడు వేగంగా వచ్చి గుద్దేస్తాడు. మీ అమ్మకి నేనేం చెప్పుకోను?"

"నేను చూశాను, కోచ్."

"చూస్తే నాలుగంటావా?"

"నాకు కనిపించిందే చెప్పాను. వాళ్ళలాగా నేను..." మంచు మీదున్న స్నేహితుల వైపు చూసి ఆగిపోయింది.

"వాళ్ళలాగా?"

"ఏం లేదండి."

"పోనీలే. వచ్చే ఏడు చూద్దాం."

"వచ్చే ఏడు మేం ఇక్కడుండం. అమ్మకి ఉత్తరాన గనిలో పని దొరికింది. అక్కడ ఆడుకోడానికి మంచు రింక్ లేదంట. ఈ పోటీల కోసమే ఆగుదామంది. పేరు రాకపోతే ఇవాళే బయల్దేరతాం."

ఎల్మర్ చేతిలోంచి పెన్సిల్ జారి పడింది. చలికాలం మొదలైన దగ్గర్నుంచీ ఆ చెయ్యి తిమ్మిరెక్కుతోంది. వయసు మీద పడింది కదా అని ఆయన పట్టించుకోలేదు. వంగబోయేలోపే టెస్ పెన్సిల్ తీసి ఆయన వేళ్ళ మధ్య జాగ్రత్తగా పెట్టింది.

ఆ పెన్సిల్‌తోనే ఆయన జట్టు జాబితాలో ఆమె పేరు కొట్టేశాడు. గీత తిన్నగా రాలేదు.

టెస్ ఏడవలేదు. చెల్లాచెదురుగా ఉన్న బిళ్ళలన్నీ ఏరి బకెట్లో వేసింది. అది ఆమెకి ఎవరూ చెప్పని పని. వెళ్తూ వెళ్తూ, "అన్నీ నేర్పినందుకు థాంక్స్, కోచ్," అంది. ఆ మాట కాస్త కోపంగా అనుంటే ఎల్మర్‌కి ప్రాణం తేలికపడేది.

కిటికీలోంచి చూశాడు. వెనక పరుపులూ కుర్చీలూ తాళ్ళతో కట్టుకుని టెస్ వాళ్ళ పికప్ ట్రక్ గేటు దాటి, పెద్ద రోడ్డెక్కి, చిన్నదైపోయింది. తను చేసింది సరైన పనే. ఆ పిల్ల మంచికే. అలా రెండుసార్లు అనుకున్నాడు.

రింక్‌లో మంచు చదును చేసే బండి రొదపెడుతోంది. కాఫీ కౌంటర్లోంచి ఐరీన్ ఎన్ని కావాలని కనుబొమలెగరేసింది. బెంచీ మీద కూర్చున్న తండ్రులకీ తనకీ కలిపి ఐదని ఎల్మర్ దూరం నుంచే చెయ్యెత్తి చూపించాడు. దగ్గరికి వెళ్ళేసరికి కౌంటర్ మీద నాలుగు కప్పులు పొగలు కక్కుతున్నాయి.

"ఇంకొకటి పొయ్యి, ఐరీన్. ఐదన్నాను."

"ఐదా? నువ్వు చూపించింది నాలుగేగా!"

"నీకూ ఆ పిల్ల జబ్బే పట్టుకుందా? ఇదిగో, సరిగ్గా చూడు." మళ్ళీ చెయ్యెత్తాడు, అరచెయ్యంతా చాపి.

ఐరీన్ నవ్వలేదు. చేతిలోని గుడ్డ పక్కన పెట్టింది.

"ఎల్మర్," అంది నెమ్మదిగా, "నువ్వే ఓసారి తల ఎత్తి చూసుకో."

ఆయన తల ఎత్తాడు. గ్లోవ్‌లో నాలుగు వేళ్ళు నిటారుగా నిలబడి ఉన్నాయి. మొద్దుబారిన చిటికెన వేలు మాత్రం, ఎన్నాళ్ళ కిందట వంగిందో ఏమో, అరచేతిలోకి ముడుచుకుని ఉంది.